గూగుల్‌లో మీ కొట్టు బోర్డు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వెబ్‌సైటు ఉన్నవాళ్లు తమ పేజీ టైటిల్, దాని కింద వచ్చే రెండు లైన్ల వివరణ గూగుల్‌లో ఎలా కనిపిస్తాయో ముందే ప్రివ్యూ చూసుకోవాలని పోయిన నెల ఈ శీర్షికలో రాశాను. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని గురించే. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం నా గురించి ఒక మాట. విజయవాడలో 11 ఏళ్లు డీటీపీ పని చేశాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటూ చిన్న వ్యాపారాలకు, బడులకు సైట్లు చేసి పెడుతున్నాను. ఇక్కడ రాసేదంతా రోజూ నా చేతి మీదుగా వెళ్లే పనే.

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మేం ముగ్గురు ఆడవాళ్లం కలిసి ఇంట్లో పూతరేకులు చేసి అమ్ముతాం. మా తమ్ముడు వెబ్‌సైటు పెట్టించాడు. 'హోమ్ | మా షాపు పేరు | నాణ్యతకు మరో పేరు | ఆత్రేయపురం పూతరేకులు' అని టైటిల్ పెట్టాం. మీరు రాసింది చదివి ఒక ప్రివ్యూ టూల్‌లో వేసి చూస్తే 59 అక్షరాలు, సరిపోయిందని పచ్చరంగు చూపించింది. కానీ హైదరాబాద్‌లో మా అల్లుడు ల్యాప్‌టాప్‌లో వెతికితే 'నాణ్యతకు మరో పేరు' తర్వాత తెగిపోయి చుక్కలు వచ్చాయి. పది రోజులు పోయాక చూస్తే అసలు టైటిలే మారిపోయి, మేం అక్కడ పెట్టని మాటలు వచ్చాయి. ఎక్కడ తప్పు చేశాం?
– ఒక పాఠకురాలు, ఆత్రేయపురం

జవాబు: అమ్మా, టూల్ మీకు అబద్ధం చెప్పలేదు. కాకపోతే అది లెక్కపెట్టింది ఒకటి, గూగుల్ కొలిచేది ఇంకొకటి.

ఒక కాగితం తీసుకుని 'లక్ష్మి' అని రాయండి. దాని కిందే 'ఆవకాయ' అని రాయండి. మన కంటికి మొదటిది రెండక్షరాలు, రెండోది నాలుగు. కంప్యూటర్‌కి అలా కాదు. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాల్ని గుర్తించే పద్ధతిలో, లక్ష్మి అంటే ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు. ఆవకాయ అంటే ఆ, వ, క, దీర్ఘం, య. మొత్తం ఐదు. లెక్కలో లక్ష్మి పెద్దది. కాగితం మీద చూస్తే ఆవకాయ దాదాపు రెండింతల చోటు తీసుకుంది. వత్తులు అక్షరం కిందికి వెళ్లిపోతాయి కాబట్టి అవి లెక్కను పెంచుతాయే తప్ప వెడల్పును పెద్దగా పెంచవు. ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసిన టూల్స్ చాలావరకు ఈ ఏడు, ఐదు లెక్కనే 'అక్షరాలు' అని చూపిస్తాయి. మీ 59 అలాంటిదే.

గూగుల్ వెడల్పు చూస్తుంది. టైటిల్ ఇన్ని అక్షరాలే ఉండాలన్న హద్దు లేదని, చూసేవాళ్ల స్క్రీన్‌కి తగ్గట్టు అవసరమైతే కోస్తామని వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో రాశారు. కంప్యూటర్ మీద ఆ చోటు సుమారు 600 పిక్సెల్స్ (స్క్రీన్ మీది చిన్న చుక్కలు) ఉంటుందని టూల్స్ చేసేవాళ్లు కొలిచి చెబుతుంటారు. ఫోన్‌లో టైటిల్ రెండో లైనుకి కూడా దిగుతుంది కాబట్టి ల్యాప్‌టాప్‌లో తెగింది ఫోన్‌లో పూర్తిగా కనిపించవచ్చు. అందుకని ఈసారి అక్షరాల లెక్క కాకుండా పిక్సెల్స్ చూపించే టూల్ వాడండి. అది కూడా కొలత టేపు లాంటిదే. తెలుగు ఫాంటు ఒక్కో ఫోన్‌లో ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి చివర్లో రెండు మూడు మాటలంత చోటు వదిలిపెట్టండి.

అయితే మీ టైటిల్‌లో అసలు ఇబ్బంది పొడవు కాదు, మాటల వరస. రావులపాలెం స్టాండులో బస్సు కోసం నిలబడ్డప్పుడు మీరు ముందు ఏం చూస్తారు? బస్సు నుదుటి మీద ఊరి పేరు. డిపో పేరు పక్కన చిన్నగా ఉన్నా చాలు. మీ బస్సుకి డిపో పేరు పెద్దగా రాసి, ఊరి పేరు వెనక అద్దం మీద పెట్టారు. 'హోమ్' అనే మాట మీ సైటు లోపల తిరిగేవాళ్లకి పనికొస్తుందేమో గానీ, గూగుల్‌లో వెతికేవాళ్లకి దాంతో పని లేదు. 'నాణ్యతకు మరో పేరు' అని ప్రతి కొట్టూ రాసుకుంటుంది. మీకు మాత్రమే ఉన్నది ఆ ఊరు, ఆ రేకు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేకత అని చట్టం ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. అంత విలువైన మాటని తెగిపోయే చోట పెట్టుకోవడం చూసి నాకు నిజంగా బాధేసింది.

ఇలా మార్చండి: 'ఆత్రేయపురం పూతరేకులు – బెల్లం, పంచదార | మీ షాపు పేరు'. ఎక్కడ తెగినా ముందు మాటలు మిగులుతాయి. షాపు పేరు తెగినా పెద్ద నష్టం లేదు, ఇప్పుడు గూగుల్ ఫలితం పైన సైటు పేరుని, చిన్న బొమ్మని విడిగా చూపిస్తోంది. ఆ బొమ్మ చతురస్రంగా ఉండేలా మీ తమ్ముడిని చూసుకోమనండి.

ఇక టైటిల్ దానంతటదే మారిపోవడం గురించి. 2021 ఆగస్టులో గూగుల్ టైటిల్ తయారుచేసే పద్ధతి మార్చింది. మనం టైటిల్ ట్యాగ్‌లో (పేజీ కోడ్‌లో టైటిల్ రాసే చోటు) రాసినదే చూపించాలని నియమం లేదు. అది పేజీకి సరిపోలేదని అనిపిస్తే పేజీలో పెద్దక్షరాల శీర్షిక నుంచో, వేరే పేజీలు మీకు ఇచ్చిన లింకు మాటల నుంచో తీసుకుని పెడుతుంది. ఆ మార్పు మీద చాలామంది గొడవ చేశాక సెప్టెంబరులో కొంత సవరించి, 87 శాతం సందర్భాల్లో టైటిల్ ట్యాగ్‌లో ఉన్నదే వాడుతున్నామని చెప్పారు. అంటే మిగతా 13 శాతం వాళ్ల ఇష్టం. 'హోమ్' లాంటి మాటలు, ప్రతి పేజీకీ అదే టైటిల్, పేజీలో లేని గొప్పలు, ఇవన్నీ ఆ 13లో పడేసేవే. మీకు వచ్చిన కొత్త మాటలు చూడండి, దాదాపుగా మీ పేజీ పైన పెద్దక్షరాల్లో ఉన్న మాటలే అయి ఉంటాయి. కాబట్టి ఆ శీర్షికని కూడా టైటిల్‌కి దగ్గరగా రాయండి. రెండూ ఒకే మాట చెబుతుంటే మార్చాల్సిన అవసరం దానికి తక్కువ పడుతుంది.

మీరు వివరణ గురించి అడగలేదు గానీ, మీ సైటులో చూశాను. 'మా వద్ద అన్ని రకాల పూతరేకులు సరసమైన ధరలకు లభించును' అని ఉంది. ఇది చదివిన మనిషికి కొత్తగా ఏం తెలిసింది? మీ ఉత్తరంలోనే, ఇక్కడ అచ్చు వేయని భాగంలో, ఇంతకంటే మంచి వివరణ ఉంది. కుండ మీద రేకు మీరే తీస్తామని, ఆర్డరు వచ్చాకే నెయ్యి రాసి చుడతామని, 12 రోజులు నిలవుంటాయని రాశారు. అవే పెట్టండి: 'కుండ మీద మేమే తీసిన రేకు, నెయ్యి, బెల్లం పొడి. ఆర్డరు వచ్చాకే చుట్టి పంపిస్తాం. 12 రోజులు నిలవ. హైదరాబాద్, విజయవాడకు కొరియర్.' ఫోన్‌లో వివరణ కూడా మధ్యలో తెగుతుంది కాబట్టి కొరియర్ మాట చివర, రేకు మాట ముందు. అన్నీ నిజంగా మీరు చేసేవే రాయండి. కొరియర్ లేని ఊరి పేరు ఒక్కటి రాసినా ఫోన్ చేసిన మనిషి మళ్లీ చేయరు.

నా అలవాటు ఒకటి చెబుతాను. టూల్‌లో చూశాక, ఏ టైటిల్‌నైనా మా అత్తయ్యకి చదివి వినిపిస్తాను. ఆవిడకి వెబ్‌సైటు సంగతులేం తెలియవు. విన్న వెంటనే "అయితే వీళ్లు ఫలానా అమ్ముతారన్నమాట" అంటే అది పాసైనట్టు. "ఇంతకీ ఏం కొట్టమ్మా అది?" అని అడిగితే మళ్లీ రాస్తాను. తర్వాత ఆవిడ ఫోన్‌లోనే చూస్తాను. అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టుకున్నారు. మీ పూతరేకులు కొనేవాళ్లలో ఆ వయసువాళ్లు చాలామందే ఉంటారు కదా.

మార్చగానే గూగుల్‌లో మారదు. సెర్చ్ కన్సోల్ అని సైటు ఉన్నవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సదుపాయం ఉంది, ఉచితం. అందులో మీ పేజీ చిరునామా ఇచ్చి మళ్లీ చూడమని అడగవచ్చు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. ఈలోపు రోజూ మార్చకండి. అదే కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరకి వచ్చారో ఉంటుంది. మీ వాళ్లలో చాలామంది పూతరేకులు అన్న మాటని ఇంగ్లీష్ అక్షరాల్లో, తలా ఒక స్పెల్లింగుతో కొట్టి ఉంటారు. ఎక్కువమంది కొట్టిన స్పెల్లింగు ఒకటి ఎంచుకుని పేజీలో ఎక్కడో ఒకచోట సహజంగా వచ్చేలా రాయండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. పదో తరగతి పిల్లల కోసం వ్యాకరణ పాఠాలు రాసి మా మనవడి సాయంతో నెట్‌లో పెడుతున్నాను. ఇప్పటికి 140 పేజీలు అయ్యాయి. ప్రతి పేజీకీ వివరణ రాశాం. ప్రివ్యూలో అది చక్కగా వస్తుంది. గూగుల్‌లో మాత్రం 'హోమ్, పాఠాలు, సంప్రదించండి, ఈ పేజీని ముద్రించుకోండి' అని వస్తోంది. మేం రాసింది ఎందుకు చూపించదు?
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు పంపిన లింకుల్లో ఓ ఇరవై పేజీలు తెరిచి చూశాను. పాఠాలు చాలా బాగున్నాయి. నాకు పదో తరగతిలో గుణసంధి మీలా చెప్పినవాళ్లు ఉంటే బావుండేది. అందుకే ఈ పాఠాలు పిల్లలకి దొరకాలని నాకూ పట్టుదలగా ఉంది.

మీరు రాసిన వివరణ గూగుల్‌కి ఒక సలహా మాత్రమే. అది ఎక్కువగా పేజీ లోపలి మాటల్లోంచే, వెతికే పిల్లవాడు కొట్టిన ప్రశ్నకి దగ్గరగా ఉన్న ముక్కని తీసి చూపిస్తుంది. మీరు రాసిన వివరణ అంతకంటే బాగుంటేనే దాన్ని వాడుతుంది. మీ 140 పేజీలకూ ఒకటే వివరణ ఉంది: 'తెలుగు వ్యాకరణం సులభంగా నేర్చుకోండి'. గుణసంధి వెతికిన పిల్లవాడికి, ఛందస్సు వెతికిన పిల్లవాడికి అదే మాట చూపించి లాభం లేదని అది పక్కన పెట్టేసింది. తర్వాత పేజీలోకి వెళ్తే, పాఠం కంటే ముందు మెనూ, ముద్రణ బటన్ ఉన్నాయి. పైగా మీ పాఠాలు చాలావరకు ఫొటోలుగా ఉన్నాయి. చేత్తో రాసి, స్కాన్ చేసి పెట్టారు. మీ దస్తూరి చూడముచ్చటగా ఉంది. కానీ గూగుల్ వివరణగా తీసుకోవడానికి ఆ బొమ్మల్లో దానికి దొరికే మాట లేదు. అందుకే ఎక్కడ మాటలు దొరికాయో అక్కడివి తీసుకుంది.

కాబట్టి ముందు పని: ప్రతి పాఠం ఫొటో కింద, సూత్రం, ఉదాహరణలైనా టైపు చేయించండి. రెండో పని టైటిల్. ఇప్పుడు 'పాఠం 12' అని ఉంది. అది మీ వరస మాత్రమే. పిల్లలు పాఠం 12 అని వెతకరు. 'గుణసంధి: సూత్రం, ఉదాహరణలు' అనండి. వివరణ ఇలా ఉండవచ్చు: 'అకారానికి ఇ, ఉ, ఋ పరమైతే ఏ, ఓ, అర్ ఎలా వస్తాయి? మహేంద్రుడు, పరోపకారం, మహర్షి పదాలను విడదీసి చూపించే పాఠం.' పరీక్ష ముందు రోజు రాత్రి మహర్షి ఏ సంధి అని వెతికే పిల్లవాడికి, ఆ మాట వివరణలోనే కనిపిస్తుంది. వాడు నొక్కుతాడు.

మూడోది మీ మనవడికి. మెనూ, ముద్రణ బటన్ ఉన్న భాగానికి డేటా-నోస్నిపెట్ అనే గుర్తు పెడితే ఆ మాటల్ని గూగుల్ వివరణలో చూపించదు. 2019 నుంచి ఉన్న సదుపాయం ఇది. కోడ్‌లో ఇంగ్లీష్ చిన్నక్షరాల్లో, రెండు మాటల మధ్య చిన్న గీతతో రాయాలి. పాఠం ఉన్న భాగానికి మాత్రం పొరపాటున కూడా పెట్టవద్దనండి. అలా చేస్తే పాఠంలోంచి ఒక్క మాట కూడా రాదు.

వివరణ ఎంత పొడవుండాలని మీరు ఉత్తరం చివర అడిగారు. 2017 చివర్లో గూగుల్ వివరణల్ని బాగా పెంచి 300 అక్షరాలు దాటించింది. అందరూ కూర్చుని పాత వివరణలన్నీ పొడిగించారు. 2018 మే నాటికి మళ్లీ 160 దగ్గరికి తగ్గించేసింది. నేను కూడా ఒక బడి సైటుకి 40 పేజీలు పొడిగించి, ఐదు నెలల తర్వాత అన్నీ మళ్లీ కుదించాను. అప్పట్నుంచి పొడవు వెంట పరిగెత్తడం మానేశాను. ఇంగ్లీష్‌లో అయితే ఆ 160 లెక్క పనికొస్తుంది. తెలుగులో, ముందు చెప్పిన లక్ష్మి, ఆవకాయ కారణంగా, రెండు చిన్న వాక్యాలు అనుకోండి చాలు. మొదటి వాక్యం ఒక్కటే మిగిలినా అర్థం పూర్తవ్వాలి. 140 పేజీలకి ఒక్కసారే చేయాలని టెన్షన్ పడకండి మాస్టారూ. సెర్చ్ కన్సోల్‌లో ఎక్కువసార్లు కనిపించిన పది పేజీలతో మొదలుపెట్టండి.

ప్రశ్న: అక్కా, మా తాతగారు రాసిన వ్యాసాల్ని నాన్న ఎప్పుడో డీటీపీ చేయించారు. ఆ ఫైల్స్‌లోంచి కాపీ చేసి సైటులో పెట్టాను. నా కంప్యూటర్‌లో తెలుగు బాగానే కనిపిస్తోంది. ప్రివ్యూలో, గూగుల్‌లో మాత్రం ఇంగ్లీష్ అక్షరాలు, డాలర్ గుర్తులు కలిసిన చెత్త వస్తోంది. కోడ్ పాడైందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: తమ్ముడూ, ఇది నా పాత ఉద్యోగం నుంచి వచ్చిన ప్రశ్న. కోడ్ పాడవలేదు. నాన్నగారు చేయించినప్పుడు అది అను ఫాంట్లలోనో, ఆ రకం వేరే ఫాంట్లలోనో చేసి ఉంటారు. అప్పట్లో మేమందరం అలాగే చేసేవాళ్లం, ఇప్పటికీ చాలా ప్రెస్సుల్లో పెళ్లి కార్డుల నుంచి పుస్తకాల దాకా అవే నడుస్తున్నాయి. అచ్చు వేయడానికి చక్కగా ఉంటాయి. కానీ ఆ ఫైల్ లోపల ఉన్నది తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తుల కోడ్ మీద తెలుగు బొమ్మలు తొడిగి ఉంటాయి. నీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉంది కాబట్టి నీకు తెలుగు కనిపిస్తోంది. గూగుల్ ఆ తొడుగుని చూడదు, కింద ఉన్న కోడే చదువుతుంది. తాతగారి పేరు తెలుగులో కొట్టి ఎవరైనా వెతికితే ఆ పేజీ దొరికే అవకాశమే లేదు.

ఆ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒకసారి అసలు అచ్చు కాపీ పక్కన పెట్టుకుని చదువు. వత్తులు, ముఖ్యంగా రెండేసి వత్తులు వచ్చే మాటలు, అరసున్నలు, కొటేషన్ గుర్తులు మార్పిడిలో తేడా వస్తుంటాయి. 'రాష్ట్రం', 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటల్ని ఒక్కొక్కటిగా వెతికి చూడు. టైటిల్‌ని మాత్రం కన్వర్టర్‌కి వదలకుండా నువ్వే మళ్లీ టైపు చెయ్యి. ప్రివ్యూ నీకు ఇక్కడ పెద్ద మేలు చేసింది. ఆ చెత్త అక్షరాలు కనిపించకపోతే, తాతగారి వ్యాసాలు ఎన్నేళ్లయినా అలా ఎవరికీ దొరక్కుండా ఉండిపోయేవి.

ప్రశ్న: నమస్తే అండీ. మేం ఇక్కడ వారాంతాల్లో పిల్లలకు తెలుగు తరగతులు నడుపుతున్నాం. గూగుల్‌లో మా పేజీ ప్రివ్యూలో ఉన్నట్టే వస్తోంది. కానీ వాట్సాప్ గ్రూపులో లింకు పెడితే మూడేళ్ల కిందటి సంక్రాంతి ఫొటో, పాత ఫీజు వస్తున్నాయి. తల్లిదండ్రులు ఆ ఫీజు చూసి ఫోన్లు చేస్తున్నారు.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అవి రెండూ వేరు వేరు బోర్డులండీ. గూగుల్ టైటిల్ ట్యాగ్ దగ్గర మొదలుపెడుతుంది. వాట్సాప్, ఫేస్‌బుక్ మాత్రం ఓపెన్ గ్రాఫ్ అనే వేరే ట్యాగ్‌లు చూస్తాయి. 2010లో ఫేస్‌బుక్ మొదలుపెట్టిన పద్ధతి అది. మీ సైటు చేసినవారు మూడేళ్ల కిందట వాటిని నింపి ఉంటారు, తర్వాత టైటిల్ మార్చినప్పుడు వాటి సంగతి మర్చిపోయి ఉంటారు. టైటిల్, వివరణ, ఫొటో మూడింటికీ ఓపెన్ గ్రాఫ్ ట్యాగ్‌లు వేరుగా ఉంటాయి, మూడూ మార్చమనండి. ఆ తర్వాత కూడా పాతదే వస్తే, ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్‌లో మీ లింకు వేసి మళ్లీ స్క్రేప్ చేయమని (పేజీని కొత్తగా చదవమని) నొక్కండి. ఫేస్‌బుక్ పాత కాపీ వదిలేస్తుంది. వాట్సాప్‌లో ఒకసారి పంపిన మెసేజ్‌లో బొమ్మ మారదు, లింకు కొత్తగా పంపాలి.

ఒక సలహా. ఫీజు లాంటి మారే అంకెల్ని వివరణలో పెట్టకండి. వయసు, రోజు, చోటు పెట్టండి: '5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు, ప్రతి శనివారం ఉదయం'. అవి ఏడాదికోసారి మారవు.

ప్రశ్న: మేడమ్, మా నాన్న దర్రీలు (నేల మీద పరుచుకునే జంపఖానాలు) నేస్తారు. సైటు పెట్టుకుంటే ఒకాయన వచ్చి టైటిల్, డిస్క్రిప్షన్, కీవర్డ్స్ ట్యాగులు రాసి గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతానని 15,000 అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇవ్వకండి తల్లీ. కీవర్డ్స్ ట్యాగ్‌ని (జనం వెతికే మాటలు రాసిపెట్టే చోటు) ర్యాంకింగ్‌కి, అంటే ఎవరు పైన రావాలో తేల్చడానికి, వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది. వివరణ కూడా మిమ్మల్ని పైకి ఎక్కించదు. కనిపించాక నొక్కాలా వద్దా అనుకునే మనిషిని ఒప్పించడానికే అది. టైటిల్ కొంత పని చేస్తుంది, కానీ మొదటి స్థానం నాది అని మాట ఇవ్వగలిగినవాళ్లు ఎవరూ లేరు. నాన్నగారు ఒక దర్రీ నేయడానికి ఎన్ని రోజులు పడుతుందో, ఏ నూలు వాడతారో, ఎంత పొడవు వెడల్పుల్లో దొరుకుతాయో మీరే రాయండి. వరంగల్ దర్రీలకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది, ఆ మాట పేజీలో ఉండాలి. రాసింది నాకు పంపండి. టైటిల్ నేను చూసి పెడతాను, డబ్బులేం వద్దు.

ప్రశ్న: ఇంత చిన్న విషయానికి ఇంత హడావుడి అవసరమా అక్కా? పేజీ బాగుంటే జనం వాళ్లే వస్తారు కదా. నేను వెబ్ డిజైన్ నేర్చుకుంటున్నాను, ఈ ప్రివ్యూలు అవీ చూసే ఓపిక నాకు లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, నువ్వు ఈ పనిలోకి వస్తున్నావు కాబట్టి నాకు జరిగింది నీకు చెబుతాను.

2009లో నేను చేసిన మొదటి సైటు ఒక ఫంక్షన్ హాలుది. రెండు నెలలు కూర్చుని చేశాను. మండపం ఫొటోలు, వంటశాల కొలతలు, పార్కింగ్‌లో ఎన్ని కార్లు పడతాయి, అన్నీ పెట్టాను. ఓనర్ గారు చూసి చాలా సంతోషించారు. అప్పట్లో నేను వాడిన సాఫ్ట్‌వేర్‌లో కొత్త పేజీ తెరిస్తే టైటిల్ దగ్గర ఇంగ్లీష్‌లో 'అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్' అని దానంతటదే పడేది. నేను దాన్ని మార్చలేదు. బ్రౌజర్ పైన చిన్నగా ఉండేది, నా కళ్లు పేజీ మీదే ఉండేవి. ఎనిమిది నెలలు గూగుల్‌లో ఆ హాలు పేరు 'అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్' అనే ఉంది. ఆ మధ్యలో మాఘమాసం ముహూర్తాలు వచ్చి వెళ్లిపోయాయి. అమెరికా నుంచి కూతురి పెళ్లికి హాలు వెతుక్కుంటున్న ఒక పెద్దాయన ఆ ఫలితం చూసి, ఏదో వైరస్ అనుకుని నొక్కలేదట. తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసి వచ్చి ఓనర్ గారికి చెప్పారు. ఓనర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ చేసి, "అమ్మాయ్, మా హాలుకి పేరు పెట్టలేదటగా" అన్నారు. అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి 14 పేజీలకీ టైటిళ్లు రాసి పెట్టాను.

నువ్వు చేసిన పేజీ నీకు పూర్తిగా కనిపిస్తుంది. వెతుక్కునేవాళ్లకి ముందు కనిపించేది ఆ ఒక్క లైను, దాని కింద రెండు లైన్లు. ప్రివ్యూకి పట్టేది పేజీకి రెండు నిమిషాలు. నీ సైటు ఏదైనా ఉంటే ఇప్పుడే గూగుల్‌లో సైట్ అని ఇంగ్లీష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా దాని చిరునామా రాసి వెతుకు. గూగుల్ దగ్గర ఉన్న నీ పేజీలు చాలావరకు వరసగా వస్తాయి. వాటి టైటిళ్లని ఒక కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకుని వచ్చే నెలకి పంపు. మన పాఠకుల ముందే కలిసి సరిచేద్దాం.